పార్కు టికెట్టు ఏటా పెరుగుతోంది, లోపల తిండి సంగతేంటి?

సీతాఫలం
పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్కులకి ఈ మధ్య వెళ్ళొచ్చినవాళ్ళు నిజం చెప్పండి, పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఉందా? సెలవులకి మా ఆడపడుచు పిల్లలొస్తే అందరం కలిసి ఒక పార్కుకి వెళ్ళాం. టికెట్టు పెరిగింది, సరే పెరగనీ, పాల ప్యాకెట్టు పెరగలేదా, స్కూలు ఫీజు పెరగలేదా. నా బాధ గేటు దగ్గర కాదు, గేటు లోపల. బ్యాగులన్నీ విప్పించి పులిహోర డబ్బా, చేగోడీలు, ఆఖరికి మా అత్తగారి మరమరాలు కూడా తీయించి పక్కన పెట్టించారు, సాయంత్రం పోయేటప్పుడు తీసుకోండమ్మా అని టోకెన్ ఇచ్చారు. పోనీ లోపల వేడిగా నాలుగు మెతుకులు దొరుకుతాయిలే అనుకుంటే, వెజ్ బిర్యానీ అని పెట్టింది పసుపు రంగు అన్నంలో రెండు క్యారెట్ ముక్కలు, ముట్టుకుంటే చల్లగా. రైతా అయితే కప్పు మూత తీస్తే పైన నీళ్ళు తేలుతున్నాయి, అడుగున ఒక ఉల్లిపాయ ముక్క. కూర్చుందామంటే పూల్లోంచి తడి బట్టలతో వచ్చినవాళ్ళు కూర్చుని లేచిన కుర్చీలు, తుడిచే మనిషి లేడు, నా చున్నీతో నేనే తుడిచా. అత్తగారికి షుగరు, టైముకి తినాలి, ఆ చల్లన్నమే నాలుగు ముద్దలు తిన్నారు పాపం. అందరికీ కలిపి తిండి బిల్లు చూస్తే ఒక పెద్ద టికెట్టుకి పైనే అయింది. మీ అందరికీ ఇంతేనా, లేక మేం వెళ్ళిన రోజు బాలేదా?

అడ్మిన్_వేణువు
పార్కు పేరు, ఊరు తీసేశాను సీతాఫలం గారూ. సొంత కంప్లైంట్లలో కంపెనీ పేర్లు వద్దని రూల్ ఉంది కదా, మిగతావాళ్ళు కూడా గుర్తుపెట్టుకోండి. రేట్లు, చట్టాలు, పేపర్లో వచ్చిన విషయాలైతే పేర్లతో మాట్లాడుకోవచ్చు.

కూకట్‌పల్లి_కుర్రోడు
మరమరాలు కూడా గుంజుకున్నరా 😂 బాంబులేమన్న అనుకున్నరేమో

పెసరట్టు_ప్రియ
ఏ పార్కో చెప్పకపోయినా అర్థమైపోతుంది ఏంటంటే అన్నీ అలాగే ఉన్నాయి కాబట్టి. మేం వెళ్ళినచోట (ఇది వేరే రాష్ట్రం) ముందు కార్డులో డబ్బులు వేయించుకోవాలి, క్యాష్ తీసుకోరు. సాయంత్రం కార్డులో మిగిలింది వెనక్కి ఇస్తారు కానీ దానికో కౌంటరు, ఆ కౌంటరుకో క్యూ, పిల్లలు నిద్రకి ఏడుస్తుంటే ఆ క్యూలో ఎవడు నిలబడతాడు, సగంమంది కార్డు బ్యాగులో వేసుకుని వచ్చేస్తారు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఇంకా ఉంది ఆ కార్డు.

బెజవాడ_బాబాయ్
అమ్మా సీతాఫలం, కోపం అర్థమైంది కానీ రెండో వైపు కూడా చూడాలి. పార్కు అంటే సినిమా హాలు కాదు, ప్రొజెక్టర్ వేసి కూర్చునే పని కాదు. పెద్ద రైడ్లు చాలావరకు విదేశాల నుంచి తెచ్చినవి, పొద్దున్నే గేటు తీయకముందు ప్రతి రైడూ ఖాళీగా తిప్పి చూడాలి, బెల్టులు, లాకులు, బోల్టులు. వేవ్ పూల్ నీళ్ళు రోజంతా ఫిల్టరవుతూ ఉండాలి, క్లోరిన్ చూస్తుండాలి, ప్రతి పూల్ దగ్గర లైఫ్‌గార్డు ఉండాలి. జనం వచ్చేదేమో వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, శని ఆదివారాలు. మంగళవారం వాన పడిందనుకో, పదిమంది వచ్చినా మోటార్లు తిరగాల్సిందే. దానికి తోడు మనం కట్టే టికెట్టులో 18 శాతం జీఎస్టీ, అది పార్కు వాడి జేబులోకి పోదు. 2017లో జీఎస్టీ మొదలైనప్పుడైతే 28 శాతం, 2018 జనవరిలో 18కి దించారు. నేనైతే టికెట్టు రేటు గురించి ఎప్పుడూ గొడవపడను, పిల్లాడిని అంత ఎత్తున తలకిందులుగా తిప్పేవాడు చవగ్గా తిప్పుతానంటే నాకు భయం.

సీతాఫలం
బాబాయ్ గారూ నేను రాసింది ఇంకోసారి చదవండి. టికెట్టు మీద నాకూ గొడవ లేదు. రైడ్లు బానే ఉన్నాయి, పిల్లలు దిగమంటే దిగలేదు. బోల్టులు బిగించినవాడు బిర్యానీ వేడి చేయలేడా అంటున్నా.

కూకట్‌పల్లి_కుర్రోడు
"బోల్టులు బిగించినోడు బిర్యానీ వేడి చేయలేడా" ఇది ఫ్రేమ్ కట్టించి పెట్టాలె అక్కా

రిటైర్డ్_మాస్టారు
మా రోజుల్లో హైదరాబాదులో వినోదమంటే నుమాయిషే. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏటా జనవరి 1న మొదలవుతుంది, 1938 నుంచీ ఉంది. ఇంటి నుంచి చపాతీలు కట్టుకుపోయి గడ్డి మీద కూర్చుని తిన్నా ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అయినా లోపల మిర్చి బజ్జీ బండికి గిరాకీ ఏమైనా తగ్గిందా, కళ్ళముందు నూనెలోంచి తీసి ఇస్తుంటే ఎవరు ఆగుతారు. బయటి తిండి రానిస్తే మా వ్యాపారం పోతుందనే మాట నేను నమ్మను. వేడిగా, రుచిగా పెడితే చపాతీ కట్టుకొచ్చినవాడు కూడా కొంటాడు.

నో_క్యూ_నరేష్
మాస్టారు గారూ నుమాయిష్‌కీ దీనికీ పోలికేంటండి, అక్కడ ఎంట్రీ టికెట్టు ఎంత, ఇక్కడ ఎంత. పైగా బయటి తిండి రానిస్తే మనవాళ్ళ సంగతి మీకు తెలీదా, వేవ్ పూల్ గట్టు మీద చికెన్ ఎముకలు, పెరుగన్నం, అరిటాకులు. నేను పార్కు వాళ్ళ పక్షమే ఈ ఒక్క విషయంలో. నాకు మండేది ఫాస్ట్ ట్రాక్ టికెట్టు. మామూలు టికెట్టుకి దాదాపు రెట్టింపు పెడితే క్యూ ఉండదు. మామూలు టికెట్టు కొన్న మేము ఎండలో నిలబడుంటే పక్క దారిలోంచి వాళ్ళు చల్లగా వెళ్ళి ఎక్కుతారు, మా పిల్లాడు నాన్నా మనం ఎందుకు అటు వెళ్ళకూడదు అంటాడు, ఏం చెప్పాలి?

బురుజు_కర్నూలు
దర్శనం టికెట్టు మాదిరే చెప్పు బ్బా, పిల్లోనికి అర్థమైతాది

నో_క్యూ_నరేష్
😂😂 బురుజన్నా నీకు దండం

టాంపా_తెలుగోడు
ఈ ఫాస్ట్ ట్రాక్ గోల మా దగ్గర ఇంకా పెద్దది కాబట్టి రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది ఏమనుకోకండి. ఓర్లాండో డిస్నీ వరల్డ్ మాకు కారులో గంటంపావు దూరం, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చినా, కజిన్స్ వచ్చినా చూపించే డ్యూటీ మాదే. 1971లో అది తెరిచినప్పుడు గేటు టికెట్టు మూడున్నర డాలర్లట, లోపల రైడ్లకి వేరే కూపన్లు. 1982లో ఎప్‌కాట్ అని అక్కడే రెండో పార్కు తెరిచినప్పుడు కూపన్లు ఎత్తేసి ఒకటే టికెట్టు చేశారు, అప్పుడు 15 డాలర్లు. 2022 డిసెంబరుకొచ్చేసరికి అందులోని మొదటి పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కి పండగ రోజుల్లో 189 డాలర్లు చేశారు, అప్పటి రేటుకే మన డబ్బులో పదిహేను వేలు దాటింది, ఆ తర్వాత ఇంకా పెరిగింది. పదేళ్ళు నిండితే పెద్దవాళ్ళ టికెట్టే, మూడేళ్ళలోపు పిల్లలకే ఫ్రీ.

టికెట్టు కన్నా జనానికి కడుపు మండేది ఎక్కడంటే, అంతకుముందు ఊరికే ఇచ్చినవాటికి ఇప్పుడు డబ్బులు తీసుకోవడం. 1999 నుంచి ఫాస్ట్‌పాస్ అని ఉండేది, క్యూ తప్పించుకునే చీటీ, పైసా కట్టక్కర్లేదు. కోవిడ్ తర్వాత 2021 అక్టోబర్లో దాని బదులు రోజుకి మనిషికి 15 డాలర్లతో వేరేది పెట్టారు, ఇప్పుడు దాని పేరు మార్చారు, రేటు రోజును బట్టి మారుతుంది. ఇక 2024లో వచ్చిన ప్రీమియర్ పాస్ అయితే మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రద్దీ రోజు 449 డాలర్ల దాకా వెళ్ళింది, అదీ టికెట్టు కాక, ఒక మనిషికి. ఎయిర్‌పోర్టు నుంచి వాళ్ళ హోటల్‌కి ఫ్రీ బస్సు ఉండేది, అది కూడా 2022 జనవరితో ఆపేశారు.

కానీ సీతాఫలం గారి విషయానికొస్తే, ఇంత ముక్కుపిండి వసూలు చేసే చోట కూడా బయటి తిండి రానిస్తారు! గాజు సీసాలు, మందు తప్ప. మా అమ్మ పులిహోర, దద్దోజనం, ఆవకాయ డబ్బా పట్టుకుని దర్జాగా సెక్యూరిటీ దాటుతుంది. క్విక్ సర్వీస్ కౌంటర్ల దగ్గర కప్పులో ఐస్ వాటర్ అడిగితే ఊరికే ఇస్తారు.

పెసరట్టు_ప్రియ
ఆవకాయ డబ్బాతో మ్యాజిక్ కింగ్‌డమ్ 🙏 ఆంటీ గారికి నా నమస్కారం చెప్పండి

వైజాగ్_లలిత
టాంపా గారూ, అక్కడ వెజిటేరియన్లకి లోపల ఏమైనా దొరుకుతుందా? వచ్చే ఏడాది అన్నయ్య వాళ్ళు రమ్మంటున్నారు.

టాంపా_తెలుగోడు
దొరుకుతుందండి, ఇండియాలో అనుకునేంత కష్టం లేదు. 2019 నుంచి మెనూల్లో ఆకు బొమ్మ పెడుతున్నారు మాంసం, పాలు, గుడ్డు ఏవీ లేని వంటలకి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి అని డిస్నీ వాళ్ళ బసలో సనా అని ఒక హోటల్ ఉంది, అక్కడ బ్రెడ్ సర్వీస్ తీసుకోండి, నాన్, ఉల్లి కుల్చా, పనీర్ పరాఠా, వాటితో తొమ్మిది రకాల చట్నీలు, పచ్చళ్ళు, రైతా. కిటికీలోంచి చూస్తే జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. పార్కు టికెట్టు అక్కర్లేదు దానికి, లాడ్జి వేరే కదా. మా నాన్నగారు ఆ వెల్లుల్లి పచ్చడి తిని వీళ్ళకి నూనె సరిగ్గా వేయడం రాలేదు అన్నారు, అది వేరే విషయం. టేబుల్ మాత్రం 60 రోజుల ముందు బుక్ చేసుకోవడం మొదలవుతుంది, పేరున్న చోట్లన్నీ ఆ రోజు పొద్దున్నే అయిపోతాయి. వెకేషన్ కాదు, తత్కాల్ బుకింగ్.

బెజవాడ_బాబాయ్
చూశారా, 449 డాలర్లు పెట్టి కూడా జనం పోతున్నారంటే పెట్టే స్తోమత ఉన్నవాళ్ళు ఉన్నారనేగా. రేటు ఎక్కువైతే జనం మానేస్తారు, మానేస్తే వాడే దించుతాడు. మన దేశంలో ఈ వ్యాపారం చేసి మిగుల్చుకున్నవాళ్ళు తక్కువ. ఢిల్లీ అప్పూ ఘర్ 1984లో పెట్టారు, 2008లో మూతపడింది. ముంబయి ఎస్సెల్ వరల్డ్ 1989లో పెడితే 2022లో ఆపేశారు. తిండి మీద నాలుగు రూపాయలు మిగుల్చుకోకపోతే ఇవి కూడా అలాగే పోతాయి.

లా_పాయింట్
బాబాయ్ గారూ, అప్పూ ఘర్ నష్టాలొచ్చి పోలేదు, ఆ స్థలం సుప్రీంకోర్టు విస్తరణకి ఇచ్చారు. ఇటు చూస్తే వండర్‌లా వాళ్ళు కొచ్చిలో 2000లో మొదలుపెట్టి 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాద్, 2024లో భువనేశ్వర్ అంటూ పోతూనే ఉన్నారు, గిట్టుబాటు లేకుండానే పెడతారా? కాబట్టి తిండి మీద పిండకపోతే మూసేస్తారనే వాదన నిలబడదు.

చట్టం సంగతి అందరూ అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నా. బయటి తిండి ఆపడం గురించి 2018లో విజయవాడ వినియోగదారుల ఫోరం మల్టీప్లెక్సుల మీద గట్టి తీర్పే ఇచ్చింది, అప్పుడు అందరం సంబరపడ్డాం. కానీ 2023 జనవరిలో సుప్రీంకోర్టు జమ్మూకశ్మీర్ సినిమా హాళ్ళ కేసులో హాలు ప్రైవేటు ఆస్తి, బయటి తిండి వద్దనే హక్కు యజమానికి ఉంది అని తేల్చేసింది. అయితే ఆ కేసులోనే రెండు మాటలున్నాయి, మంచినీళ్ళు ఊరికే ఇవ్వాలి, పసిపిల్లల తిండి తెచ్చుకోనివ్వాలి. అది సినిమా హాళ్ళ గురించి ఇచ్చిన తీర్పు, కానీ పార్కు వాడు గేటు దగ్గర బోర్డు పెట్టి అదే వాదన చేస్తాడు, వినియోగదారుల కమిషన్ కూడా చాలావరకు వింటుంది. షుగరు ఉన్న పెద్దావిడ మరమరాలు ఆపడం మాత్రం వేరే, డాక్టరు చీటీ ఉంటే చూపించి మేనేజరుని పిలిపించమనండి, గేటు దగ్గర కుర్రాడితో వాదించి లాభం లేదు, వాడికి ఇచ్చిన ఆర్డరు అది.

కూకట్‌పల్లి_కుర్రోడు
లా అన్న, వాటర్ బాటిల్ ఎమ్మార్పీ కంటె ఎక్కువ అమ్మొచ్చా? ఇరవై రూపాయల బాటిల్ లోపల డబుల్ కంటె ఎక్కువ తీస్కున్నరు మా దగ్గర. 2025 సెప్టెంబర్‌ల బాటిల్ నీళ్ళ మీద జీఎస్టీ 18 నుంచి 5కి దించిన్రు అని టీవీల గంటసేపు చెప్పిన్రు, ఆ పార్కుకి టీవీ రాదనుకుంట.

లా_పాయింట్
రెండు రకాలు తమ్ముడూ. హోటల్లో కూర్చోబెట్టి, టేబులు, ఏసీ, వడ్డించే మనిషి ఉండి అమ్మితే ఎమ్మార్పీ దాటొచ్చని 2017 డిసెంబర్లో సుప్రీంకోర్టు అంది, అది నీళ్ళ అమ్మకం కాదు మొత్తం సేవ అని. కానీ రోడ్డు పక్క కొట్టులాగా కిటికీలోంచి బాటిల్ చేతికిచ్చి పంపేస్తే దాన్ని సేవ అని ఎలా అంటారు? అక్కడ తూనికలు కొలతల శాఖ వాళ్ళు కేసు రాయొచ్చు. ఇంకోటి, ఒకే సరుకు మీద రెండు ఎమ్మార్పీలు వేయడం 2018 జనవరి నుంచి కుదరదు. బాటిల్ మీద ఎమ్మార్పీ ఫోటో, బిల్లు ఫోటో రెండూ తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. బిల్లు లేకపోతే మాత్రం రుజువు చేయడం కష్టం.

కూకట్‌పల్లి_కుర్రోడు
బిల్లు కార్డుల గీకిండన్నా, పేపర్ ఇయ్యలే

లా_పాయింట్
అందుకే ఇవ్వడు.

హాట్‌కేస్
ఇన్నాళ్ళూ చదవడమే, ఇవాళ రాయాలనిపించింది. నేను క్యాటరింగ్ కాంట్రాక్టులో పనిచేశా, పార్కుల్లో, కాలేజీల్లో, రెండుచోట్లా. అన్ని పార్కులూ ఒకటి కాదు, కొందరు వంట వాళ్ళే చేసుకుంటారు, కొందరు కౌంటర్లు బయటివాళ్ళకి ఇస్తారు. ఇచ్చినచోట అమ్మకంలో ఇంత శాతం పార్కుకి, అది కాక నెలకి ఇంత తక్కువ కాకుండా అని రాయించుకుంటారు. అంటే మీరు పెట్టిన వంద రూపాయల్లో పార్కు వాటా పోను, జీతాలు, గ్యాస్, చెత్త డబ్బులు పోను, ప్లేటులోకి వచ్చే సరుకు ఎంతో మీరే లెక్కేసుకోండి. కాంట్రాక్టరు ఎక్కడ తగ్గిస్తాడు? బియ్యం, నూనె, మనుషులు.

అయినా చల్లారిన బిర్యానీకి అసలు కారణం డబ్బు ఒక్కటే కాదు. పార్కులో జనం హోటల్లోలాగా పన్నెండు నుంచి మూడు దాకా విడివిడిగా రారు. పొద్దున ల్యాండ్ రైడ్లు, మధ్యాహ్నం నీళ్ళు అని వరసపెట్టుకుంటారు, దాంతో ఒంటిగంటకి అందరూ ఒక్కసారే వచ్చి పడతారు, గంటలో సగం పార్కు తినాలి. దానికి తట్టుకోవాలంటే పదిన్నరకే వండి పెట్టాలి. వండినది హాట్ కేసులో 60 డిగ్రీల పైనే ఉంచాలి, కింద ట్రేలో నీళ్ళు కాగుతుండాలి. ఒంటిగంట తోపులాటలో మూత తీసే ఉంటుంది, తీసి వేసి తీసి వేసి కుర్రాడికి విసుగు, ఇక మూయడు. పావుగంటలో పై పొర చల్లారిపోతుంది. ట్రేలో నీళ్ళు ఇంకిపోయినా చూసే తీరిక ఎవరికీ ఉండదు. పై పొర మీద పడింది మీ ప్లేటు.

రైతాలో నీళ్ళు తేలడానికి కారణం పొద్దున్నే ఉప్పు వేసి కప్పుల్లో పోసి మూతలు పెట్టేయడం. ఉల్లిపాయ నీళ్ళొదులుతుంది.

సీతాఫలం
మీరు చెప్పింది చదివాక ఆ కౌంటర్లో కుర్రాడి మీద కోపం పోయింది, పార్కు మీద రెట్టింపైంది. ఒంటిగంటకి జనం వస్తారని వాళ్ళకి తెలుసు కదా, రోజూ వస్తారు కదా!

హాట్‌కేస్
తెలుసమ్మా. ఇంకో ఇద్దరు మనుషుల్ని పెడితే సగం గొడవ తీరుతుంది. ఆ ఇద్దరి జీతం ఎవరివ్వాలన్న దగ్గరే పార్కు మేనేజరు, మా కాంట్రాక్టరు ఏడాదంతా ఉత్తరాలు రాసుకున్నారు. కుర్చీలు తుడిచే మనిషి కూడా అంతే, అది హౌస్‌కీపింగా, ఫుడ్ కౌంటరా అని.

రిటైర్డ్_మాస్టారు
హాట్‌కేస్ గారు రాసింది ఈ చర్చ మొత్తంలో పనికొచ్చే పోస్టు.

వైజాగ్_లలిత
నేను కొంచెం వేరేగా చెప్తా. సర్వీసు అంటే తిండి ఒక్కటే కాదు కదా. మేం వెళ్ళిన పార్కులో ఆడవాళ్ళ డ్రెస్ మార్చుకునే గదులు శుభ్రంగా ఉన్నాయి, గడియలు సరిగ్గా పడుతున్నాయి, ఒక ఆవిడ అక్కడే కూర్చుని ఉంది ఫోన్లు లోపలికి తీసుకెళ్ళకండమ్మా అని చెప్తూ. నాకు అది బిర్యానీ కన్నా ముఖ్యం. మా పాప చెవి రింగు పూల్లో పడిపోతే లైఫ్‌గార్డు కుర్రాడు డ్యూటీ అయ్యాక దిగి వెతికి ఇచ్చాడు, వంద ఇస్తే తీసుకోలేదు. రేట్లు పెరిగాయి నిజమే, పదేళ్ళ కిందట ఇలాంటి గదులు ఉండేవి కావు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. తిండి మాత్రం మీరు చెప్పినట్టే, నేను ఐస్‌క్రీమ్, మొక్కజొన్న పొత్తుతో సరిపెట్టుకున్నా.

పెసరట్టు_ప్రియ
మొక్కజొన్న పొత్తు సేఫ్ లలిత గారూ, దాన్ని పాడు చేయడం ఎవరి వల్లా కాదు

బురుజు_కర్నూలు
మా అల్లుడు మాడ్చినాడు

నో_క్యూ_నరేష్
లలిత గారు చెప్పింది కరెక్టు, మనిషి మంచిగా ఉంటే సగం డబ్బు వసూలైనట్టే. ఒకటి అడగాలి టాంపా అన్నా, అక్కడ స్టాఫ్ నవ్వుతూ మాట్లాడతారు అంటారు, నిజంగానా? ఇక్కడ క్యూ దగ్గరుండే స్టాఫ్‌ని ఏదైనా అడిగితే చెయ్యి ఊపుతాడు, అటు వెళ్ళమనా, ఆగమనా తెలీదు.

టాంపా_తెలుగోడు
చాలావరకు నిజమే. అయితే ఆ నవ్వుకి కూడా జీతం ఉండాలి కదా, 2023లో యూనియన్లు గట్టిగా కూర్చుంటే కనీస జీతం గంటకి 18 డాలర్లకి వచ్చింది, అంతకుముందు 15. ఫ్లోరిడాలో ఇంటి అద్దెలకి అది కూడా బొటాబొటీయే. పైన హాట్‌కేస్ గారు రాసిన "ఇద్దరి జీతం" ముచ్చట ఇక్కడా ఉంది, కాకపోతే ఇక్కడ యూనియన్ ఉంది.

నారిటా_నాని
బయటి తిండి సంగతి వచ్చింది కాబట్టి ఆసియా వైపు లెక్క చెప్తా. టోక్యో డిస్నీలో ఇంటి తిండి లోపలికి రానివ్వరు, కానీ గేటు బయట టేబుళ్ళు వేసి పిక్నిక్ ఏరియా పెట్టారు, బయటికొచ్చి తిని మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు. షాంఘైలో కూడా రానిచ్చేవాళ్ళు కాదు, 2019లో ఒక లా చదివే అమ్మాయి బ్యాగులో తినుబండారాలు ఆపేశారని కోర్టుకెళ్ళింది, అమెరికాలో మీ పార్కులోనే ఒప్పుకుంటారు మాకెందుకు ఒప్పుకోరు అని. చైనా అంతా గొడవైంది, ఆ సెప్టెంబర్లోనే రూల్ మార్చారు, సొంతానికి తినేది తెచ్చుకోవచ్చు అని. ఆ అమ్మాయికి వచ్చింది 50 యువాన్లు, మన లెక్కలో ఐదు వందల పైచిలుకు. డబ్బు కోసం కాదు కదా.

కూకట్‌పల్లి_కుర్రోడు
లా_పాయింట్ అన్నా విన్నవా, లా చదివినోళ్ళు కేసేస్తరట, నువ్వేమో ఇక్కడ పోస్టులు ఏస్తున్నవ్ 😜

లా_పాయింట్
ఫీజు ఎవరిస్తారు, నువ్విస్తావా? మరమరాలు పోయింది నీవి కూడా కాదు.

బెజవాడ_బాబాయ్
నారిటా గారు చెప్పిన టోక్యో పద్ధతి నాకు నచ్చింది. లోపల పూల్ గట్టు మీద ఎముకలు పడవు, బయట చెట్టు కింద నాలుగు బెంచీలు వేస్తే పులిహోర తినేవాళ్ళు తింటారు, చేతి మీద ముద్ర వేసి మళ్ళీ లోపలికి పంపితే సరిపోతుంది. మన పార్కులకి స్థలం కరువు లేదు, పార్కింగే ఎకరాల కొద్దీ ఉంటుంది.

నో_క్యూ_నరేష్
అలా చేస్తే లోపల బిర్యానీ ఎవడు కొంటాడు బాబాయ్, అందుకే చేయరు

రిటైర్డ్_మాస్టారు
అదే నేను మొదటి నుంచీ అంటున్నది. ఇంకో దారి లేదని తెలిశాక వంటవాడు ఎందుకు కష్టపడతాడు?

బెజవాడ_బాబాయ్
మాస్టారూ, దారి లేని చోట కూడా బాగా పెట్టేవాళ్ళు ఉన్నారండి. రామోజీ ఫిల్మ్ సిటీలో భోజనంతో కలిపిన ప్యాకేజీ తీసుకుని వెళ్ళాం, బఫేలో అన్నం, పప్పు, సాంబారు వేడిగానే ఉన్నాయి, మా ఆవిడ మళ్ళీ వేసుకుంది. ప్యాకేజీలో ముందే డబ్బు కట్టేశాం కాబట్టి ప్లేటు ప్లేటుకీ పర్సు తీయాల్సిన పని లేదు, ఆ చిరాకు ఉండదు. అన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

సీతాఫలం
ఆ పద్ధతి బాగుంది, భోజనం కలిపి టికెట్టు పెంచినా నేను ఏమీ అనను. ఇంతకీ లా_పాయింట్ గారూ, మీరు చెప్పినట్టు 1915కి చేశా. వాటర్ బాటిల్ విషయం రాసుకున్నారు, బాటిల్ ఫోటో, కార్డు స్టేట్‌మెంట్ పంపించమన్నారు, డాకెట్ నంబరు వచ్చింది. బిర్యానీ చల్లగా ఉందని చెప్తే అది ఫుడ్ సేఫ్టీ వాళ్ళది మేడమ్ అన్నారు.

హాట్‌కేస్
దానికి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉందమ్మా, కౌంటరు మీద 14 అంకెల లైసెన్స్ నంబరు రాసి ఉండాలి, ఈసారి వెళ్తే ముందు అది ఫోటో తీసుకోండి. ఒక చిట్కా కూడా, పన్నెండు లోపు తినేయండి, హాట్ కేసు అప్పుడే నింపుతారు. లేదా రెండున్నర తర్వాత, రెండో విడత వంట దిగుతుంది.

పెసరట్టు_ప్రియ
రెండున్నరకి షుగరు పేషెంట్లు ఆగుతారా?

హాట్‌కేస్
వాళ్ళకి పన్నెండే.

వైజాగ్_లలిత
టాంపా గారూ, సనా బుకింగ్‌కి మాకు ఇండియా నుంచి కుదురుతుందా, లేక అన్నయ్యని చేయమనాలా? 60 రోజుల ముందు అన్నారు కదా, అక్కడి పొద్దున ఇక్కడ సాయంత్రం అవుతుంది, ఆఫీసులో ఉంటాను.

టాంపా_తెలుగోడు
ఇండియా నుంచైనా కుదురుతుంది, అకౌంటు, కార్డు ఉంటే చాలు. చెప్పకుండా మానేస్తే మనిషికి పది డాలర్లు కోస్తారు, అది మర్చిపోకండి. అన్నయ్యకే అప్పగించండి, ఇలాంటివాటికే కదా అన్నయ్యలు ఉన్నది.